ఎడమచేతి బీడీలు

ఎనిమిదేళ్లుగా ఒక పత్రిక ఆదివారం పేజీలో అమెరికా చిన్న ఊళ్లలో జరిగిన పాత హత్యల గురించి రాస్తున్నాను. కల్పితాలు కావు, జరిగినవే. గోధుమ చేల మధ్య ఒక ఊరు, ఒక చర్చి, ఒక పిండి మర, ఒక శవం, ఊరందరికీ తెలిసిన ఒక అనుమానితుడు. పాత పుస్తకాలూ కోర్టు కాగితాలూ చదివి మనవాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం నా పని. అమెరికా మాత్రం ఇంతవరకు వెళ్లలేదు. తెనాలిలో మా ఇంటి వసారాలో ఫ్యాను కింద కూర్చుని రాస్తాను. ఈ సంగతి పాఠకులకు నేను చెప్పలేదు. వాళ్లు అడగలేదు కూడా.

వానాకాలం మొదట్లో ఒక ఉత్తరం వచ్చింది. ఎల్లారెడ్డి అవతల, నిజాంసాగర్ కాలువ కింద ఉన్న ఒక ఊరి నుంచి. రాసింది కామారెడ్డిలో కాలేజీ చదువుకునే అమ్మాయి, చెప్పి రాయించింది వాళ్ల నాయనమ్మ. "మా నాయనమ్మ పేరు సాయవ్వ. బీడీలు చేస్తుంది. సెలవులకు పోయినప్పుడు నేను మీ కథలు చదివితే వింటూ చేస్తుంది. అంత దూరం అమెరికా పోయి సచ్చినోళ్ల ముచ్చట అడిగొచ్చినామె మా ఊరికి రాదా అంటుంది. మా ఊర్లో కూడా ఒకటి జరిగింది. యాభై ఏండ్లయింది. దాని గురించి నాయనమ్మ ఒకామెకు ఒక మాట చెప్పాలట. ఇద్దరూ బతికుండగానే చెప్పాలట. తన నోటితో చెప్పలేనంటుంది. మీరు రావాలట."

సిగ్గేసింది. అమెరికా వెళ్లకపోవడానికి నా దగ్గర కారణాలు ఉన్నాయి. ఎల్లారెడ్డి వెళ్లకపోవడానికి ఏమీ లేవు. బయల్దేరాను. మనుషుల పేర్లు మార్చాను, ఊరి పేరు రాయనని సాయవ్వకు మాట ఇచ్చాను. కాబట్టి అది ఇందులో 'ఆ ఊరు' గానే ఉంటుంది.

కామారెడ్డి

సికింద్రాబాద్‌లో రైలెక్కి మధ్యాహ్నానికి కామారెడ్డిలో దిగాను. స్టేషన్ బయట చాయ్ పది రూపాయలు. మా తెనాలిలో కాఫీ బాగోలేకపోతే కప్పు వెనక్కి పంపి తగాదా పెట్టుకుంటాం. ఇక్కడ చాయ్ రుచి గురించి ఎవరికీ పట్టింపు ఉన్నట్టు లేదు, వేడిగా ఉంటే చాలు. రెండు తాగాను.

లాడ్జిలో కౌంటరు దగ్గరి మనిషి నా ఆధార్ కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఒక్కరేనా మేడం?"

"ఒక్కదాన్నే."

"ఏం పని మీద అచ్చిండ్రు?"

నేను అబద్ధాలాడను. "ఒక హత్య గురించి తెలుసుకోవడానికి" అన్నాను.

అతను పెన్ను కింద పెట్టి ఫోన్ తీశాడు. "సేఠ్, గీడ ఒక మేడం అచ్చింది. మర్డరంటున్నది." పది నిమిషాల్లో యజమాని స్కూటర్ మీద వచ్చాడు. పెద్దమనిషి, మర్యాదస్తుడు. పోలీసు డిపార్ట్‌మెంటా అని అడిగాడు. కాదు, పత్రికలో రాస్తానన్నాను.

"ఎప్పటి మర్డరమ్మా?"

"యాభై ఏళ్ల కిందటిది."

ఆయన మొహం తేటపడింది. "పాతదేనటరా, రూం ఇయ్యి" అని చెప్పి వెళ్లిపోయాడు. అద్దె ఏడు వందలు, వేడినీళ్లు పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకు.

అమెరికా చిన్న ఊళ్లలో కొన్నిచోట్ల హత్య జరిగిన ఇంటిని అలాగే ఉంచి, గుమ్మం దగ్గర టికెట్ పెట్టి చూపిస్తారు. హత్య పాతబడితే మనకు భయం పోతుంది, వాళ్లకు వ్యాపారం మొదలవుతుంది.

సాయంత్రం ఒక మెస్సులో గోంగూర ఉందా అని అడిగాను. లేదన్నారు, పుంటికూర ఉందన్నారు. తెచ్చి పెట్టింది చూస్తే గోంగూరే. మా గుంటూరు జిల్లా వాళ్లం దాన్ని మేమే కనిపెట్టామన్నట్టు మాట్లాడతాం. వీళ్లు దానికి వేరే పేరు పెట్టుకుని, మాకంటే పులుపు తగ్గించి, వెల్లుల్లి పెంచి, నిశ్శబ్దంగా తినేస్తున్నారు. నేనూ నిశ్శబ్దంగా తిన్నాను. భోజనం తొంభై రూపాయలు.

ఆధార్ కార్డు

మర్నాడు పొద్దున ఎల్లారెడ్డి బస్సు. ఆడవాళ్లకు టికెట్ లేదు, కార్డు చూపిస్తే సున్నా అచ్చు వేసిన చీటీ ఇస్తారు. కండక్టరమ్మ నా కార్డు చూసి, "గుంటూరుదా? అయితే పైసలియ్యాలె" అంది. బస్సులోని ఆడవాళ్లంతా తిరిగి చూశారు. ఇరవై ఏళ్ల వయసు నుంచీ టికెట్ కొనే తిరిగాను, ఎప్పుడూ ఇంత చిన్నతనంగా అనిపించలేదు. పక్కన కూర్చున్నామె జాలిపడింది.

"మీ దిక్కు ఫిరీ లేదా?"

"ఉంది, మా బస్సుల్లో మాకు."

"మరి గాడనే తిరుగరాదు?" అంది. ఆమె మాటలో తప్పేమీ లేదు.

లింగంపేట దాటాక కొంత మేర అడవి. వానకు కడిగిన ఆకులు. అందులో తునికి చెట్లు ఏవో నేను గుర్తుపట్టలేదు, పక్కనామె చూపించింది. బీడీకి ఆకు దానిదే. ఎల్లారెడ్డిలో బస్సు మారి, నిజాంసాగర్ ఆనకట్ట దాటి, కాలువ గట్టు పక్కనే కాస్త దూరం వెళ్తే ఆ ఊరు. పొలాలన్నీ నాట్లలో ఉన్నాయి. మా డెల్టా వాళ్లకు కాలువ చూస్తే ఇల్లు గుర్తొస్తుంది. కాస్త ధైర్యం వచ్చింది.

చాట ముందు

సాయవ్వ ఇంటి ముందు రేకుల పందిరి కింద కూర్చుని ఉంది. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తడిగుడ్డలో చుట్టిన ఆకు, కత్తెర, నల్లదారం. అరవై అయిదు దాటి ఉంటాయి. సన్నటి మనిషి. నన్ను చూసి చెయ్యి ఆపకుండానే వీధి వైపు కేక వేసింది: "అమెరికా మేడం అచ్చిందే!"

నలుగురైదుగురు ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు. ఇక ఆగలేక చెప్పేశాను, నేను అమెరికా వెళ్లలేదని. వచ్చినవాళ్లు నిరాశపడి వెళ్లిపోయారు. సాయవ్వ చెయ్యి ఆగింది.

"పోకుండనే రాసినవా?"

"పుస్తకాలు చదివి రాశాను. రాసింది మాత్రం నిజమే. వెళ్లావా అని ఎవరూ అడగలేదు."

కోప్పడుతుందేమో అనుకున్నాను. "అడగలేదు గనుక చెప్పలే. గంతే కద?" అంది. తరువాత మళ్లీ ఆకు తీసుకుని తంబాకు పరిచి చుట్టింది. "నీకు చెప్పొచ్చు" అంది.

అయితే అప్పుడే చెప్పలేదు. ముందు జొన్నరొట్టె పెట్టింది, పచ్చిపులుసుతో. చారును కాచకుండా తినడం మా వైపు లేదు. మొదటి ముద్దకు వింతగా ఉంది, మూడో ముద్దకు అలవాటైంది. తింటుంటే బీడీ పని గురించి చెప్పింది. ఎవరి చెయ్యి వాళ్లదేనట. చుట్టిన బిగువు, మూతి మడిచిన తీరు చూస్తే ఎవరు చేసిందో చెప్పొచ్చునట. నమ్మనట్టు మొహం పెట్టాను. ఆమె చాటలోంచి పది బీడీలు తీసి నా ముందు పోసి, "రెండు నా కోడలు చేసినయి, ఏరు" అంది. నాకు తెలియలేదు. ఆమె చూడకుండా వేలితో తడిమి ఏరి పక్కన పెట్టింది.

తూము

మధ్యాహ్నం ఒంటరిగా కాలువ తూము దగ్గరకు వెళ్లొచ్చాను. చచ్చిపోయినవాడు మల్లయ్య. ఊరి నీరటి, అంటే తూము ఎత్తి దించుతూ ఎవరి పొలానికి ఎంతసేపు నీళ్లు వదలాలో చూసేవాడు. ఒక పొద్దున పశువులు తోలుకుపోయేవాళ్లకు ఇక్కడ పడి కనిపించాడు. తలమీద పార దెబ్బ. అంతకు ముందు రోజే బాలయ్య అనే రైతు నీళ్ల దగ్గర అతనితో గొడవపడి, నీ అంతు చూస్తానని నలుగురి ముందు అన్నాడు. బాలయ్యను పట్టుకుపోయారు, జైలు పడింది. దారిలో అడిగితే ఊళ్లో ఎవరైనా ఇంతవరకు చెబుతారు.

తూము దగ్గర చూడటానికేమీ లేదు. కొత్త సిమెంటు గోడ, తుప్పుపట్టిన చక్రం, నీళ్ల చప్పుడు. నా కథల్లో ఇలాంటి చోట ఒక పేరా వర్ణన పెడతాను. ఇక్కడ నిలబడితే రాయడానికి ఏమీ తోచలేదు. తిరిగి వస్తుంటే తుమ్మ ముల్లుకు చీర చెంగు పట్టుకుని జానెడు చిరిగింది. కొత్త చీర. మల్లయ్య కోసం కాకపోయినా చీర కోసం కాసేపు బాధపడ్డాను.

మక్కగారెలు

దారిలో ఒక ముసలమ్మ పిలిచింది. పేరు ఎల్లవ్వ, డెబ్బై అయిదు ఉండొచ్చు. మొక్కజొన్న గింజలు రుబ్బి, పచ్చిమిర్చీ ఉల్లిపాయా కలిపి గారెలు వేస్తోంది. మేం గారె అంటే మినుములు తప్ప ఒప్పుకోం. నాలుగు తిన్నాక ఒప్పుకున్నాను. డబ్బు ఇవ్వబోతే కసిరింది.

"పాత ముచ్చట అడగనీకి అచ్చినవట. నాకేం ఎరుక లేదు, నన్నడగకు" అంది ముందుగానే. తరువాత తనే అడిగింది. "ఎల్లారెడ్డి మీదికెళ్లే పోతవ్ కద? గాడ బట్టలు కుట్టే దుకాణంల రాజవ్వ ఉంటది, బాలయ్య పెండ్లాం. బాగున్నదా అని అడుగు. ఎల్లవ్వ అడిగింది అని చెప్పు."

"మీరు కలుసుకోరా?"

"బజార్ల ఎదురువడితె మొకం తిప్పుకుంటది. నా బిడ్డ లగ్గానికి పిలిస్తె రాలే. పక్కింటి భూమవ్వ మంచాన పడి, రాజవ్వను ఒక్కసారి సూడాలె అని మూడుమాట్ల కబురు పంపింది. రాలే. భూమవ్వ గట్లనే పోయింది." నూనెలో గారె తిప్పింది. "గా దినం అందరం భయపడి నోరు మూసుకున్నం, నిజమే. గంతదానికి యాభై ఏండ్ల పగనా బిడ్డా? నేనేం తప్పు చేసిన్నో నాకు తెల్వది."

ఆమె కళ్లు తుడుచుకుంది. పొగకో దేనికో నేను అడగలేదు.

అడిగినంతే

సాయంత్రం దీపం పెట్టే వేళకు సాయవ్వ చాట పక్కన పెట్టి చెప్పడం మొదలుపెట్టింది. ఆమెకు అప్పుడు పదిహేనేళ్లు.

మల్లయ్య పడివున్న చోట బురదలో అయిదారు బీడీలు దొరికాయి. పోలీసులు వాటిని బీడీ కార్ఖానాకు తెచ్చి ఆడవాళ్లందరినీ నిలబెట్టారు. కార్ఖానాలో బాగాలేని బీడీలు ఏరి తిరిగి ఇచ్చేస్తారు. వాటిని ఆ ఇంటి మగవాళ్లు తాగుతారు. అందుకని బీడీ ఎవరి చెయ్యో తెలిస్తే, తాగినవాడు ఎవరో తెలిసినట్టే. ఊళ్లో అందరికీ అదే లెక్క, పోలీసులకు చెప్పిందీ ఊరివాళ్లే.

"అవి ఉల్టా చుట్టి ఉన్నయి" అంది సాయవ్వ. "మనం గిట్ల చుడ్తం, అవి గట్ల చుట్టినయి. ఎడమచేతివి. ఊరంతట్ల ఎడమచేత్తోని చేసేది రాజవ్వ ఒక్కతే. అందరికి తెల్సింది, ఎవ్వలు నోరిప్పలే. నేను చిన్నదాన్ని. పోలీసాయన నన్ను అడిగిండు, నువ్ చెప్పు బిడ్డా, ఎవరి చెయ్యి అని. రాజవ్వది అన్న. ఆమెను అడిగిండు, నీదేనా అని. నాదే అన్నది. పొద్దుమూకంగ బాలయ్యను పట్టుకపోయిండ్రు."

"నువ్వు చెప్పింది నిజమే కదా?"

"నిజమే. ఆయన అడిగింది చెయ్యి. ఇల్లు అడగలే."

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. అంతకు మూడు నెలల ముందు రాజవ్వకు కాన్పయింది. బాలింత పని చేయలేదు, చేయకపోతే కార్ఖానాలో పేరు కొట్టేస్తారు. అందుకని మూడిళ్ల ఆడవాళ్లు ఆమె పేరు మీద బీడీలు చేసి అప్పజెప్పారు. ఆమె లేచి తిరిగాక ఆ మూడిళ్లకూ బదులు చేసింది, నాట్లకు ఒకరి పొలంలోకి ఒకరు బదులు వెళ్లినట్టే. కార్ఖానాకు తెలిస్తే అందరి పేర్లూ పోతాయి కాబట్టి ఇదంతా గుట్టుగా సాగింది. రాజవ్వ చేతి బీడీలు ఆ మూడిళ్ల పేర్ల మీద వెళ్లాయి. బాగాలేనివి ఆ మూడిళ్లకే తిరిగి వచ్చాయి.

"ఎల్లవ్వ ఇల్లు. భూమవ్వ ఇల్లు. మా ఇల్లు" అంది సాయవ్వ.

పక్కనున్న కత్తెర, నల్లదారం చాటలో సర్దింది.

"గా దినం పొద్దుగాల మా అన్న పోశెట్టి పొలానికి నీళ్లు పెట్టి అచ్చి, పారను బాయి కాడ కడిగిండు. అంగీ జేబులు ఎతుక్కుంటున్నడు. బీడీలు ఏడ పడగొట్టుకున్ననో అన్నడు. నేను గాడనే ఉన్న. తెల్లారి కార్ఖానల బీడీలు సూడంగనే తెల్సింది, అవి మా ఇంటియని. వారం తిరగకముందే వాడు బొంబాయి పోయిండు. మళ్ల రాలే. గాడనే సచ్చిపోయిండు."

ఆమె ఏడవలేదు. నేను ఎన్నో ఒప్పుకోళ్లు చదివాను. ఇంత తక్కువ మాటల్లో ఎక్కడా చదవలేదు.

"నువ్ రాసినవ్ కద, తప్పు మనిషిని ఉరి తీసినంక ఆ ఊరోళ్లు ఒప్పుకున్నరు అని. గది ఇన్నప్పటిసంది నిద్ర లేదు. రాజవ్వకు చెప్పు, ఆ బీడీలు మా ఇంటియి అని. ఆమెకు మూడిండ్లు ఎరుకే. ఏ ఇల్లో ఎరుక లేదు."

నేను కుదరదన్నాను. చచ్చిపోయినవాళ్ల గురించి రాస్తాను గాని, బతికున్నవాళ్ల మధ్య మాటలు మోయడం నాకు అలవాటు లేదన్నాను. మీరే వెళ్లొచ్చు కదా అన్నాను.

"రెండుమాట్ల పోయిన. బట్ట తీసుకపోయి, రవికె కుట్టిచ్చుకోనీకి అచ్చినట్టు చేసిన. మాట ఎల్లలే. రెండు రవికెలు కుట్టిచ్చుకొని అచ్చిన." లోపలికి వెళ్లి చూపించింది. మడత విప్పలేదు. "మరి నువ్ ఉత్తగనే ఎందుకు అచ్చినవ్ అమ్మా?" అని అడిగింది.

కోపం వచ్చింది, ఆమె మీద కాదు. ఎనిమిదేళ్లుగా పరాయి ఊళ్ల శవాలను హాయిగా వాడుకున్నాను, ఎవరూ నన్ను ఒక్క పని అడగలేదు. పొద్దున బయల్దేరేటప్పుడు చెబుతానన్నాను. సాయవ్వ తల ఊపింది. ఊరి పేరు మాత్రం రాయొద్దని మాట తీసుకుంది.

చీర చెంగు

ఎల్లారెడ్డి బస్టాండు నుంచి దుకాణం దూరం కాదు. చిన్న గది, ఒక కుట్టుమిషను, గోడకు వేలాడే రవికెలు. మిషను మీద రాజవ్వ కూతురు లక్ష్మి, యాభై ఏళ్ల మనిషి. అంటే ఆ కాన్పులో పుట్టిన పిల్ల. మూల చాప మీద రాజవ్వ గుండీలు కుడుతోంది, ఎడమచేత్తో.

ఏం చెప్పాలో ముందే అనుకుని వచ్చాను. తీరా అక్కడ నిలబడ్డాక, "చీర చిరిగింది, కుడతారా" అన్నాను. రాజవ్వ చెంగు తీసుకుని వెలుతురుకు పట్టి చూసింది. "ముల్లు చిరుగు. జాగ్రత్తగ కుట్టాలె" అంది. అరగంట కుట్టింది. లక్ష్మి నన్ను ఎక్కడి నుంచి వచ్చావని అడిగింది. ఆ ఊరి నుంచని పేరు చెప్పగానే మిషను ఆగింది.

"అమ్మ ముంగట ఆ ఊరి పేరు తియ్యం" అంది మెల్లగా. "అమ్మ గూడ తియ్యదు. ఆధార్ కార్డు రాయించేటప్పుడు పుట్టింటి ఊరు చెప్పిందిగని అది చెప్పలే."

రాజవ్వ తలెత్తలేదు. కుట్టు కనిపించకుండా కుట్టింది. ఇరవై రూపాయలు అడిగింది. ఇచ్చి, మెట్టు దిగి, బస్టాండు వైపు నడిచాను. మిఠాయి దుకాణం దాకా వెళ్లాక గాని తెలియలేదు, నేను చేసింది సరిగ్గా సాయవ్వ చేసిందే అని. ఆమె రవికె కుట్టించుకుంది, నేను చెంగు కుట్టించుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది. వెనక్కి తిరిగాను.

మూడిండ్లు

చెప్పాను. సాయవ్వ చెప్పిన మాటలే, అదే వరసలో. పార కడగడం, జేబులు వెతుక్కోవడం, బొంబాయి. రాజవ్వ సూది గుడ్డలో గుచ్చి పక్కన పెట్టింది.

"పోశెట్టా?" అంది.

లక్ష్మి ఏడుస్తోంది, తండ్రి పేరు తలుచుకుని. రాజవ్వ ఏడవలేదు. రవికెలు వేలాడే గోడ వైపు చూస్తూ కూర్చుంది.

"మీరు అప్పుడు ఈ బదులు సంగతి ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"మా ఆయన చెప్పనియ్యలే. నేను చెయ్యలే గద, ఇడిచిపెడ్తరు, మూడిండ్లోళ్లను ఎందుకు గుంజుతవ్ అన్నడు. మూడిట్ల రెండిండ్లు పాపం ఎరుగనియి, వాళ్లు పురిటికి అన్నం పెట్టిండ్రు అన్నడు. ఇడువలే. ఏండ్లకేండ్లు జైల్ల ఉండి అచ్చి, ఈడ హమాలి చేసి పోయిండు. పోయేదాక నన్ను ఒక్క మాట అనలే." చెయ్యి తిప్పి చూసుకుంది. "అప్పటిసంది బీడీ ముట్టలే నేను."

"సాయవ్వ రెండుసార్లు వచ్చిందట."

"అచ్చింది. కొలత తీస్తుంటె నా మొకం సూడలే. ఏదో ఉన్నది అనుకున్న. గని మూడిండ్లోళ్లను సూసినా నాకు గట్లనే అనుమానం కొట్టేది. ఎల్లవ్వ మొగడు ఎదురైతె వీడేనా అనుకునేది. భూమవ్వ కొడుకును సూస్తె వీడేనా అనుకునేది. ఏ ఇల్లో తెల్వక మూడిండ్లను ఇడిచిన."

కోపం వస్తుందనుకున్నాను. పోశెట్టిని తిడుతుందనుకున్నాను, సాయవ్వను శపిస్తుందనుకున్నాను. నా కథల్లో ఈ చోట ఎవరో ఒకరు న్యాయం గురించి మాట్లాడతారు. ఆమె వేళ్లు లెక్కపెట్టుకుంటోంది.

"అంటే రెండిండ్లోళ్లు ఏం చెయ్యలే" అంది. "నోరిప్పనిది నిజమే, నేను గూడ ఇప్పలే. గని సంపలే. భూమవ్వ నన్ను మూడుమాట్ల పిలిచింది. పాణం పోతుంటె పిలిచింది. నేను పోలే." అప్పుడు ఏడ్చింది, పెద్దగా, నోటికి చెంగు అడ్డం పెట్టుకోకుండా. "మా ఆయన మీద లేని పాపం ఏస్తిరి అని ఊరిని ఇడిచిన. నేను రెండిండ్ల మీద ఏసిన కద, యాభై ఏండ్లు!"

లక్ష్మి నీళ్లు తెచ్చింది. ఆమె తాగలేదు.

"ఎల్లవ్వ ఉన్నదా?" అని అడిగింది నన్ను.

"ఉంది. నిన్ననే మక్కగారెలు పెట్టింది. మీరు బాగున్నారా అని అడగమంది. తనేం తప్పు చేసిందో తెలియదంది."

రాజవ్వ లేచి నిలబడింది. లక్ష్మిని అడిగి ఒక రవికె గుడ్డ చింపించుకుంది, ఎర్రది. "ఎల్లవ్వ బిడ్డ లగ్గానికి పోలే" అంది. "ఆ పిల్లకు ఇప్పుడు మనుమలు గూడ అయివుంటరు. అయినా ఉత్త చేతులతోని ఎట్ల పోతం?"

సాయవ్వకు ఏం చెప్పమంటారని అడిగాను.

"దానికి నువ్ ఏం చెప్పకు. దాని ఇల్లు ఎల్లవ్వ ఇల్లు దాటినంకనే ఉంటది. ముందుగాల ఎల్లవ్వ."

ఎక్కడికి

నేను కామారెడ్డి బస్సు ఎక్కాలి. ఎక్కలేదు. ఆమెతో పాటు వెనక్కి వెళ్లే బస్సే ఎక్కాను, రాసుకోవడానికి కాదు, నోటుబుక్కు సంచిలోనే ఉంది. రాజవ్వ కిటికీ పక్కన కూర్చుంది, ఒళ్లో ఎర్ర గుడ్డ, పైన ఎడమచెయ్యి. ఈసారి కండక్టరు ఆడమనిషి కాదు, తల నెరిసినవాడు. ముందు నా కార్డు చూసి, గుంటూరు అని తల అడ్డంగా ఊపి డబ్బు తీసుకున్నాడు. తరువాత రాజవ్వ కార్డు చూసి టికెట్ మిషను చేతిలోకి తీసుకున్నాడు.

"ఏడికి అవ్వా?"

ఆమె వెంటనే చెప్పలేదు. ఆయన మళ్లీ అడిగాడు. వెనక సీట్లోవాళ్లు కూడా ఆమె వైపు చూశారు.

ఆ ఊరి పేరు రాయనని నేను మాట ఇచ్చాను. రాజవ్వ మాత్రం బస్సంతా వినపడేలా చెప్పింది.